పదమూడు వారాల నర్సు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక పార్కింగ్ లాట్‌లో షారన్ నన్ను పట్టుకుంది. ఇక్కడ షికాగో పక్కన షామ్‌బర్గ్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. నర్సుగా లైసెన్సు వచ్చి రెండేళ్ళయింది. వాళ్ళమ్మ సలోమి కారు డోరు పట్టుకుని మొహం మాడ్చుకుని పక్కనే నిలబడి ఉంది.

“ఆంటీ, మీరు ట్రావెల్ నర్సింగ్ చేశారు కదా, ఎన్ని ఇయర్స్?”

“తొమ్మిది.”

“నైన్! సీ, మమ్మీ? ఆంటీ, అది లాంగ్ టర్మ్ చేయొచ్చా? నేను స్టాఫ్ జాబ్ క్విట్ చేసి ట్రావెల్‌కి వెళ్తా అంటే మమ్మీ అస్సలు ఒప్పుకోవట్లే. మీరు యెస్ అంటే వింటుంది.”

“ఎస్తేరక్కా, నువ్వు యెస్ అన్నావంటే నేను ఊరుకోను,” అంది సలోమి. “మూడు నెలలకో ఊరు తిరిగే ఉద్యోగమేంటక్కా, సర్కస్ వాళ్ళకి మల్లే!”

సర్కస్ అనేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తొమ్మిదేళ్ళు ఆ సర్కస్‌లో ఉన్నదాన్ని నేనే కదా. కానీ ఎండలో నిలబెట్టి అవునో కాదో చెప్పమంటే చెప్పగలిగే సంగతి కాదది. రాసి ఇస్తానన్నాను.

“తెలుగులోనా? నాకు రీడింగ్ రాదు ఆంటీ.”

“మీ అమ్మ చదివి వినిపిస్తుంది. ఆవిడ కూడా వినాలి.”

అదీ ఈ కాగితాల కథ. ప్రమోషన్ల గురించి రాయను, ఈ ఉద్యోగంలో అవి లేవు. రాష్ట్రానికో లైసెన్సు చొప్పున తెచ్చుకున్న గోల కూడా రాయను, వింటే నిద్రొస్తుంది. ఇద్దరు మనుషుల గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. షారన్ అడిగినదానికి నా దగ్గరున్న జవాబంతా అందులోనే ఉంది.

రెండు సూట్‌కేసులు

నేను చీరాల దగ్గర పుట్టాను. మిషన్ ఆస్పత్రిలో నర్సింగ్ నేర్చుకుని డెబ్బైల నడుమ షికాగో వచ్చాను. మా అన్నయ్య అప్పటికే ఇక్కడ ఇంజనీరు. ఒక పెద్ద ఆస్పత్రిలో, ఒకే వార్డులో, నాలుగేళ్ళు పని చేశాను. చెడ్డ చోటేమీ కాదు. కానీ నాలుగో ఏట ఒకరోజు నేను కళ్ళు మూసుకుని కూడా ఆ వార్డులో పని చేసేయగలనని తట్టింది. అలా తట్టినప్పుడు సంతోషం కలగాలి. నాకు భయమేసింది.

అప్పట్లో దేశంలో ఏ మూల చూసినా నర్సుల కొరతే. ఆస్పత్రులకు కొద్ది నెలల పాటు నర్సులను పంపే ఏజెన్సీలు అప్పుడప్పుడే మొదలయ్యాయి. ఫోన్‌లో మాట్లాడుకోవడం, పదమూడు వారాల కాంట్రాక్టు మీద సంతకం, ఉండటానికి సామాను ఉన్న అపార్ట్‌మెంటు, అంతే. పదమూడు వారాలయ్యాక కావాలంటే పొడిగించుకోవచ్చు, లేదంటే ఇంకో ఊరు. చలికాలంలో ముసలివాళ్ళంతా ఫ్లోరిడాకు చేరతారు కాబట్టి మేమూ అక్కడికే చేరేవాళ్ళం. ఎండాకాలంలో పర్వతాల వైపు. నా ట్రంకు పెట్టె అన్నయ్యగారి బేస్‌మెంట్‌లో, నేను రెండు సూట్‌కేసులతో రోడ్డు మీద.

“కాళ్ళకి చక్రాలు కట్టుకుని పుట్టావు తల్లీ,” అనేది మా వదిన, నేను వెళ్ళిన ప్రతిసారీ గోంగూర పచ్చడి సీసా చేతిలో పెడుతూ. “ఈసారన్నా ఒకచోట కుదురుగా ఉండు.” పెళ్ళి మాట కూడా ఎత్తేది. దానికి నేను జవాబు చెప్పేదాన్ని కాను. ఇక్కడా చెప్పను.

ప్యాట్

ఫ్లోరిడాలో నా మొదటి కాంట్రాక్టు. ఏజెన్సీ ఇచ్చిన అపార్ట్‌మెంటులో నాతో పాటు ఉన్న నర్సు పేరు ప్యాట్. బోస్టన్ వైపు మనిషి, యాభై దాటింది, మొగుణ్ణి ఎప్పుడో వదిలేసింది. సిగరెట్ పెట్టె తలగడ కింద పెట్టుకుని పడుకునేది. నోరు మంచిది కాదు. అంత మంచి నర్సును మళ్ళీ చూడలేదు.

మొదటి రోజు నేను వార్డులో దిక్కులు చూస్తూ నిలబడ్డానని తెలిసి సాయంత్రం నన్ను కూర్చోబెట్టి చివాట్లు పెట్టింది.

“చూడు హనీ, నిన్నెవరూ ఇక్కడికి చుట్టంగా పిలవలేదు. మర్యాదలు జరగవు. కొత్త వార్డులో కాలు పెట్టగానే క్రాష్ కార్ట్ ఎక్కడుందో చూడు. చూడటం కాదు, సొరుగులన్నీ నీ చేత్తో లాగి చూడు. తర్వాత ఆ వార్డులో అందరికంటే పాత ఆయా ఎవరో కనుక్కుని పేరు అడుగు. డాక్టరుకు తెలియనివి ఆవిడకు తెలుసు. మూడోది, తెలిసినా సరే అడుగు. నీకు తెలిసింది పాత ఊరిది.”

క్రాష్ కార్ట్ అంటే గుండె ఆగినప్పుడు తోసుకొచ్చే మందుల బండి. ప్యాట్ మాటల విలువ నాకు నాలుగో రోజే తెలిసొచ్చింది. భోజనం ట్రేలు పంచే వేళ ఒకాయన మంచం మీదే నీలంగా మారిపోయాడు. ఆ వార్డులో ఏళ్ళ తరబడి ఉన్న నర్సులు బండి కోసం తలో దిక్కూ పరిగెత్తారు. ముందు రోజు నేల తుడిచేటప్పుడు ఎవరో దాన్ని లిఫ్ట్ పక్కకు జరిపారట. ప్యాట్ నేరుగా లిఫ్ట్ దగ్గరికి వెళ్ళి బండి తోసుకొచ్చింది. డ్యూటీ ఎక్కిన ప్రతి ఉదయం ముందు దాన్ని వెతికి చూసుకోవడం ఆవిడ అలవాటు. ఆయన బతికాడు. ఆవిడకు ఎవరూ థాంక్స్ చెప్పలేదు. ఆవిడ కూడా ఏమీ అనుకోకుండా ట్రేలు పంచడానికి వెళ్ళిపోయింది.

మాలాంటివాళ్ళ బతుకు అలాగే ఉండేది. ఏ వార్డులో మనిషి తక్కువైతే ఆ వార్డుకు ముందు మమ్మల్నే తరిమేవాళ్ళు. అందరిలోకీ బరువైన పేషెంట్లు మాకే వచ్చేవాళ్ళు. కాంటీన్‌లో మా బల్ల దగ్గర ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. నా రంగు చూసి “అసలు నర్సు ఎప్పుడొస్తుంది?” అని అడిగిన పేషెంట్లు ప్రతి రాష్ట్రంలోనూ ఉన్నారు. “వచ్చింది, చెయ్యి చాపండి, బీపీ చూడాలి,” అనడం నేర్చుకున్నాను. అయినా చెప్తున్నాను సలోమీ, వాళ్ళు సర్కస్ వాళ్ళు కాదు. ఎవరూ తమను పట్టించుకోని చోట పూర్తిగా పని చేసి, పేరు కూడా ఆశించకుండా వెళ్ళిపోయేవాళ్ళు. నేను వాళ్ళను చూసి గర్వపడ్డాను, ఇప్పటికీ పడతాను.

నీలం కార్డు

ఏడో ఏట వయోమింగ్‌లో ఒక చిన్న ఊరికి వెళ్ళాను. దానికి ముందు టెక్సస్‌లో ఒకే ఆస్పత్రిలో కాంట్రాక్టు మీద కాంట్రాక్టు పొడిగించుకుని తొమ్మిది నెలలున్నాను. ఆ టెక్సస్ ఆస్పత్రిలో మంచం తల దగ్గర నీలం కార్డు కనిపిస్తే ఆ పేషెంటుకు చెవుడు అని అర్థం. గట్టిగా మాట్లాడాలి. తొమ్మిది నెలల్లో అది నా ఒంట్లోకి ఇంకిపోయింది.

వయోమింగ్‌లో నన్ను సర్జికల్ వార్డులో వేశారు. మంచి వార్డు. అక్కడ కార్డులూ రంగులూ ఏమీ లేవు. కాంట్రాక్టు ఇంకో వారంలో అయిపోతుందనగా, సోమవారం, మెడికల్ వార్డులో ఒక నర్సు భోజనానికి వెళ్తూంటే గంట సేపు చూసుకోమని నన్ను పంపారు. నేనా వార్డులో అడుగు పెట్టడం అదే మొదటిసారి.

మూడో మంచం మీద వాల్ట్ అనే ఆయన ఉన్నాడు. డెబ్బై దాటిన పశువుల రైతు. పక్షవాతం వచ్చి వారమైందట. కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది. తల దగ్గర నీలం కార్డు. నేను ఆయన చెవి దగ్గరికి వంగి గొంతు చించుకుని అరిచాను, “ఏం కావాలి మిస్టర్ వాల్ట్?”

ఆయన ఉలిక్కిపడ్డాడు. ఎడమ చెయ్యి నోటి దగ్గర పెట్టి చూపించాడు. “వాటర్,” అన్నాడు. “ప్లీజ్.”

బల్ల మీద చూశాను. పుడ్డింగ్ గిన్నె ఉంది, నీళ్ళ జగ్గు లేదు. గ్లాసు కూడా లేదు. నాకు కడుపు మండిపోయింది. దాహం అన్న మనిషికి నీళ్ళు లేవనడం మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. మా మిషన్ ఆస్పత్రిలో మేట్రన్ ప్రతి మంచం దగ్గరా నీళ్ళున్నాయో లేదో చూశాకే ఉదయం ప్రార్థన మొదలుపెట్టేది. ఇంత పెద్ద దేశంలో ఒక ముసలాయనకు మంచినీళ్ళు పెట్టే దిక్కు లేదా అనుకున్నాను. ఆ వార్డు నర్సులను మనసులో నాలుగు తిట్టుకుని, వంటగదిలోకి వెళ్ళి గ్లాసు నిండా చల్లటి నీళ్ళు తెచ్చి, తల కింద చెయ్యి పెట్టి తాగించాను. ఆయన గటగటా తాగేశాడు. రెండుసార్లు దగ్గాడు. తర్వాత నా చేతిని మెల్లగా తట్టి కళ్ళు మూసుకున్నాడు. ఎంత మంచి పని చేశానో అని పొంగిపోయాను.

ఒక్కో పేషెంటుకు ఏం చేయాలో, ఏం చేయకూడదో రాసి పెట్టే అట్టల ఫైలు నర్సుల బల్ల మీదే ఉంది. పది అడుగుల దూరం. నేను తెరవలేదు. గంటే కదా అనుకున్నాను. ఇచ్చిన నీళ్ళ సంగతి ఎక్కడా రాయనూ లేదు, నీళ్ళు ఇవ్వడం కూడా రాసే విషయమా అని.

గురువారం మధ్యాహ్నం కాంటీన్‌లో నా వెనక బల్ల దగ్గర మెడికల్ వార్డు నర్సులిద్దరు మాట్లాడుకుంటున్నారు.

“వాల్ట్‌కు జ్వరం తగ్గట్లేదు. ఊపిరితిత్తులు నిండిపోతున్నాయి. డాక్టరు ఊళ్ళో తిరిగే ఫ్లూ అనుకుంటున్నాడు.”

“అయ్యో. ఎంత జాగ్రత్తగా చూసుకున్నాం! ఇన్నాళ్ళూ ఒక్క చుక్క నీళ్ళు పోయలేదు.”

నేను వెనక్కి తిరిగి అడిగాను, నీళ్ళెందుకు పోయకూడదని.

“నీలం కార్డు కదా,” అంది ఆ అమ్మాయి, ఇది కూడా తెలియదా అన్నట్టు. “గొంతు సరిగా పని చేయదు. పల్చటిది ఏది తాగినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చిక్కటి తిండే పెట్టాలి.”

చేతిలో ఫోర్కు అలాగే ఉండిపోయింది. ఆయన దగ్గిన రెండు దగ్గులూ చెవిలో వినిపించాయి.

ఎవరికీ తెలియదు

శనివారంతో నా కాంట్రాక్టు అయిపోతుంది. కాలిఫోర్నియాలో తర్వాతి ఉద్యోగం ఖాయమైంది. నేను మెడికల్ వార్డుకు వెళ్ళిన సంగతే ఎవరికీ గుర్తుండదు, గంట సేపు ఉన్న మనిషిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? కారులో సూట్‌కేసులు పెట్టుకుని వెళ్ళిపోతే సరిపోతుంది. ఇంత సులువుగా తప్పించుకునే వీలు ఊళ్ళో ఉండే నర్సుకు ఉండదు. ఆమె మళ్ళీ సోమవారం అదే వార్డుకు వెళ్ళాలి, ఆ పేషెంటు భార్య ముఖం చూడాలి. నాకా అవసరం లేదు.

ఆ రోజు మిగిలిన డ్యూటీ అంతా నోరు మెదపలేదు. ఇది దాచుకుంటే బాగుండును, కానీ రాయకపోతే ఈ కాగితాలెందుకు? మూడో మంచం మీద మనిషి ఊపిరాడక అవస్థ పడుతున్నాడు. డాక్టరు ఫ్లూ అనుకుని మందులిస్తున్నాడు. నాకు నిజం తెలుసు. అయినా నాలుగు గంటల పాటు కుక్కిన పేనులా పడి ఉన్నాను.

సాయంత్రం ప్యాట్‌కు ఫోన్ చేశాను. ఆవిడ అప్పుడు అరిజోనాలో ఉంది. అంతా చెప్పాను. చెప్పకుండా వెళ్ళిపొమ్మంటుందేమోనని లోపల ఆశ కూడా ఉంది, అబద్ధమెందుకు?

ఆవిడ అంది, “నేను ఒకసారి అలా వెళ్ళిపోయాను హనీ. ఒకావిడకు మందు రెండింతలు పడింది, నా చేతి మీదుగా. కాంట్రాక్టు చివరి రోజు. ఆవిడ బతికిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. టీవీలో ఆ ఊరి పేరు వస్తే ఛానల్ మార్చేస్తాను.”

ప్యాట్ అలాంటి పని చేసిందంటే నేను నమ్మలేకపోయాను.

“ఆ గదిలో ఏం జరిగిందో తెలిసింది ప్రపంచంలో నీకొక్కదానికే,” అంది. “డాక్టరుకు నువ్వు చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు? ఫోన్ పెట్టేసి వెళ్ళు.”

ఫోన్ పెట్టేశాను. కారెక్కి ఆస్పత్రికి వెళ్ళాను.

హెలెన్

మెడికల్ వార్డు హెడ్ నర్సు పేరు హెలెన్. పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేది. ఒక మాటతో సరిపోయే చోట రెండో మాట వాడేది కాదు. ఇంటికి బయలుదేరబోతూ కోటు వేసుకుంటోంది. నిలబడే మొత్తం చెప్పేశాను.

నన్ను తిట్టలేదు. కోటు విప్పి కుర్చీకి వేసింది. “ఎన్ని నీళ్ళు?” అని అడిగింది.

“ఒక గ్లాసు. నిండా.”

“కూర్చోబెట్టావా, పడుకుని తాగాడా?”

“పడుకునే. తల కొంచెం ఎత్తాను.”

“దగ్గాడా?”

“రెండుసార్లు.”

నా వైపు చూస్తూనే డాక్టరు ఇంటికి ఫోన్ చేసి ఆ మూడు సంగతులూ చెప్పింది. డాక్టరు మందులు మార్చాడు, పడుకోబెట్టే తీరు మార్చాడు. ఆ నీళ్ళ వల్లే న్యుమోనియా వచ్చిందని ఖాయంగా చెప్పలేననీ, అలాంటి గొంతుతో ఎలాగైనా రావచ్చనీ కూడా అన్నాడట. ఆ మాట పట్టుకుని నేను కొంచెం ఊపిరి పీల్చుకోబోయాను. హెలెన్ చూసింది.

“అది డాక్టరు మాట. నువ్వు గ్లాసు ఇచ్చావన్నది నీ మాట. రెండోదే రాయి,” అని రిపోర్టు కాగితం నా ముందు పెట్టింది.

రాశాను. తర్వాత నన్ను వాల్ట్ భార్య దగ్గరికి తీసుకెళ్ళింది. ఇది మామూలు విషయం కాదు. ఆ రోజుల్లో ఆస్పత్రులు తప్పు జరిగితే లాయరు ద్వారా తప్ప ఇంటివాళ్ళతో మాట్లాడేవి కావు. హెలెన్ ఎవరినీ అడగలేదు. “ఆవిడ మొగుడు, ఆవిడకు తెలియాలి,” అంది, అంతే.

ఎడ్నా మంచం పక్కన కుర్చీలో ఉంది. పొట్టి మనిషి, పశువుల కాపరిలా మొరటు చేతులు. నేను చెప్తున్నంతసేపూ వాల్ట్ ఛాతీ లేచి పడటమే చూసింది.

“ఒక నర్సు గ్లాసుడు నీళ్ళిచ్చిందని సోమవారం చెప్పాడు,” అంది చివరికి. “కలగన్నావన్నాను. వారం నుంచీ అడుగుతూనే ఉన్నాడు. నేనే ఇవ్వలేదు. నా మనసు చంపుకుని ఇవ్వలేదు.”

ఆయన దుప్పటి సర్ది నా వైపు తిరిగింది.

“నిన్ను క్షమించానని ఇప్పుడు నేను చెప్పలేను,” అంది. “ముందు ఆయన్ని బతకనీ.”

బయటికొచ్చాక హెలెన్ అడిగింది, శనివారం వెళ్ళిపోతున్నావు కదా అని. అవునన్నాను. “నాకిక్కడ ఒక నర్సు తక్కువ. వెళ్ళాలనుకుంటే వెళ్ళు. ఉంటే మూడో మంచం నీది.”

ఏజెన్సీలో నా పని చూసే ఆవిడ ఫోన్‌లో తల బాదుకుంది. కాలిఫోర్నియా వాళ్ళు మళ్ళీ పిలవరంది, ఎవరూ అడగని సంగతి నీ అంతట నువ్వే రాసిచ్చావా, పిచ్చా అంది. నేను ఇంకో పదమూడు వారాలు ఇక్కడే అన్నాను.

మూడో మంచం

మొదటి పది రోజులూ ఆయన దక్కుతాడని ఎవరూ అనలేదు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పేదాన్ని. అరచేతులు గిన్నెలా ముడిచి వీపు మీద తట్టేదాన్ని, లోపలి తెమడ కదలాలని. ముక్కులోంచి వేసిన గొట్టంతో పాలూ మందులూ. పెదవులు ఎండిపోతే తడి దూదితో అద్దేదాన్ని, పిండి పిండి, చుక్క కూడా మిగలకుండా.

నా డ్యూటీ ఉన్న ప్రతి రోజూ ఆయన నీళ్ళడిగాడు. ప్రతి రోజూ లేదన్నాను. పేషెంటుకు మందు ఇవ్వడం, సూది గుచ్చడం ఏ నర్సయినా నేర్చుకుంటుంది. దాహమన్న మనిషి కళ్ళలోకి చూస్తూ లేదనడం నాకు అక్కడే పట్టుబడింది. ఎడ్నా ఆ కుర్చీలోంచి అన్నీ గమనిస్తూ ఉండేది. నాతో పనికి సంబంధించిన మాట తప్ప మాట్లాడేది కాదు.

జ్వరం కొంచెం దిగిన రోజు, అలవాటుగా నేను గట్టిగా పలకరిస్తే వాల్ట్ ముద్ద మాటలతో ఏదో అన్నాడు. దగ్గరికి వంగాను. “నాకు చెవుడు లేదమ్మా. అరవకు,” అంటున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ గదిలో మొదటిసారి హెలెన్ నవ్వింది.

ఆ వారమే హెలెన్ తన వార్డు కార్డులన్నీ పీకించేసింది. కొత్తవాటి మీద పెద్ద అక్షరాలతో మాటలు రాయించింది. రంగు చూసి ఊహించుకునే పని లేకుండా, ‘నీళ్ళు ఇవ్వవద్దు’ అనే ఉంటుంది. కొత్త నర్సు గంట కోసం వచ్చినా సరే, ఎవరో ఒకరు వెంట ఉండి మంచం మంచం దగ్గరా నిలబడి చెప్పాలని నియమం పెట్టింది. మీటింగ్‌లో నా ఎదుటే అంది, “ఎస్తేర్ తప్పు ఎస్తేర్ రాసిచ్చింది. మన తప్పు కూడా ఉంది. మన రంగులు ప్రపంచమంతటికీ తెలుసనుకున్నాం.” నా ముప్పై ఆరేళ్ళ సర్వీసులో చాలామంది బాసులను చూశాను. పై అధికారులు కూర్చున్న గదిలో సగం తప్పు తన నెత్తిన వేసుకున్న బాస్ ఆవిడొక్కతే. ఆమె కింద పని చేశానని చెప్పుకోవడం నాకు గొప్ప.

షారన్‌కు జవాబు

ఇక నువ్వడిగింది. ఈ ఉద్యోగం జీవితాంతం చేయొచ్చా?

నేను వాల్ట్ తర్వాత ఇంకో రెండేళ్ళు చేశాను. ఆ రిపోర్టు సంగతి తర్వాతి ఆస్పత్రులన్నిటికీ ముందే చెప్పాను. ఒకరు వద్దన్నారు, మిగిలినవాళ్ళు రమ్మన్నారు. మానేసింది అలసిపోయి. నడుము పట్టేసింది. ఏ ఊళ్ళో నిద్ర లేచానో గుర్తు తెచ్చుకోవడానికి ఉదయాన్నే కాసేపు పట్టేది. అన్నయ్య పిల్లలు నన్ను చూసి చుట్టంలా సిగ్గుపడటం మొదలుపెట్టారు, అది నా వల్ల కాలేదు. ఇవన్నీ మీ అమ్మ చెప్తూనే ఉంటుంది, ఆవిడ చెప్పేది అబద్ధం కాదు. ప్యాట్ మాత్రం అరవై అయిదు దాకా చేసింది. కాబట్టి ఒళ్ళు ఎంతకాలం ఓర్చుకుంటుందో ఎవరికి వాళ్ళే చూసుకోవాలి.

నాకు తెలిసిన అసలు ప్రమాదం వేరే. ఈ ఉద్యోగంలో నువ్వు చేసిన తప్పు బయటపడేలోగా నువ్వు ఊరు దాటి ఉంటావు. ఎవరూ నిన్ను పట్టుకోరు. అలా రెండుసార్లు దాటితే మూడోసారి తప్పు చేశానని నీకే తెలియదు, మంచి నర్సునని అనుకుంటూ తిరుగుతావు. అలాంటివాళ్ళనూ చూశాను. అవసరమైతే ఆగిపోగలననుకుంటే వెళ్ళు తల్లీ, ఎన్నేళ్ళయినా వెళ్ళు. ఆగలేననిపిస్తే ఒక్క కాంట్రాక్టు కూడా వద్దు. సలోమీ, ఇదే నా యెస్, ఇదే నా నో.

చెంచా

వాల్ట్ సంగతి సగంలో వదిలేశాను.

గొంతు పరీక్ష చేసే స్పీచ్ థెరపిస్ట్ పెద్ద ఊరి నుంచి మంగళవారం మంగళవారం వచ్చేది. నేను అక్కడ ఉండిపోయిన అయిదో వారంలో, ఆయన గొంతు మీద వేళ్ళు పెట్టి చాలాసేపు చూసి, నీళ్ళతో ప్రయత్నిద్దాం అంది. వాల్ట్‌ను నిటారుగా కూర్చోబెట్టాం. గడ్డం ఛాతీకి ఆనించాలి, చెంచాడు నీళ్ళు, ఒక్క గుటక. దగ్గు వస్తే మళ్ళీ గొట్టమే, బహుశా ఎప్పటికీ. రాకపోతే ఇంటికి వెళ్ళే దారి తెరుచుకున్నట్టే. గొంతులో అడ్డుపడినదాన్ని లాగేసే సక్షన్ మెషీన్ ఆన్ చేసి హెలెన్ గొట్టం పట్టుకుని నిలబడింది. నేను మంచం కాళ్ళ వైపు, గోడకు ఆనుకుని ఉన్నాను. నీళ్ళ గ్లాసు వైపు చూడలేకపోతున్నాను.

థెరపిస్ట్ చెంచా ముంచింది. ఎడ్నా కుర్చీలోంచి లేచి ఆ చెంచా ఆవిడ చేతిలోంచి తీసుకుంది. తనే ఇస్తుందేమో అనుకున్నాను. మంచం చుట్టూ తిరిగి నా దగ్గరికొచ్చి నా చేతిలో పెట్టింది.

“నా వల్ల కాదు,” అన్నాను.

“రా,” అంది.

సగం నీళ్ళు దుప్పటి మీద పడ్డాయి. మళ్ళీ ముంచాను. వాల్ట్ గడ్డం దించాడు. పెదవుల మధ్య చెంచా పెట్టాను. గుటక వేశాడు, గొంతు పైకి లేచి కిందికి దిగింది. నలుగురం ఆయన ముఖమే చూస్తున్నాం. దగ్గు కోసం చూస్తున్నాం. నేను లోపల ప్రభువును ఏ మాటలతో వేడుకున్నానో నాకే తెలియదు.

దగ్గు రాలేదు. వాల్ట్ కళ్ళు తెరిచి నోరు కొంచెం తెరిచి పెట్టాడు, పిల్లాడిలా. నాకు ఏడుపు ఆగలేదు.

ఎడ్నా నా భుజం మీద చెయ్యి వేసింది. క్షమించానని ఆ రోజు కూడా అనలేదు. గ్లాసు నాకు దగ్గరగా పట్టుకుని, “ఇంకొకటి ఇవ్వు,” అంది.